ఏ గట్టు ఎక్కాలి, ఏ గట్టు వదలాలి

సంక్రాంతికి ముందు వారం మా పల్లెల్లో ఎవరి తొందర వాళ్ళది. కుప్పలు నూర్చేవాళ్ళు నూరుస్తుంటారు, గోడలకి సున్నం కొట్టేవాళ్ళు కొడుతుంటారు. ఆ సందట్లో నేనూ, మా ఉస్తాదూ, మా వెనక పదిపన్నెండు మంది కుర్రకారూ ఎడమచేతి బొటనవేలికి కంపాస్ తగిలించుకుని, ఓరియంటీరింగ్ అనే ఆట కోసం పొలాలంట పడ్డాం. రెండాదివారాల మధ్య రెండో శనివారం కూడా పడింది కాబట్టి బ్యాంకులో సెలవు అడగాల్సిన పని రాలేదు. "పండగ పని తప్పించుకోడానికి ఇదో మిలట్రీ ఎత్తు" అంది మా ఆవిడ. కాదని గట్టిగా అనలేకపోయాను.

నేను ఫౌజు నుంచి వచ్చేసి ఇప్పుడు శ్రీకాకుళంలో బ్యాంకు క్లర్కుని. ఉస్తాద్ నాకన్నా పెద్ద, నెల్లిమర్ల వైపు మనిషి, రెజిమెంటులో నాకు మ్యాప్ రీడింగ్ నేర్పినవాడు. అక్కడ నేర్పేవాణ్ణి ఉస్తాద్ అనే పిలుస్తాం. రిటైరై ఊరికొచ్చి మేకలు కొనుక్కున్నా ఆ పిలుపు ఆయన్ని వదల్లేదు.

ఓరియంటీరింగ్ అంటే ఏమిటని అడిగేవాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తాను. అడవిలోనో పొలాల్లోనో కొన్ని చోట్ల నారింజ, తెలుపు రంగుల జెండాలు కడతారు. వాటిని కంట్రోళ్ళంటాం. మ్యాపు మీద ఒక్కో కంట్రోలు చుట్టూ ఊదారంగు సున్నా, పక్కన వరస నంబరు. త్రికోణం గుర్తు దగ్గర బయల్దేరి, వరస తప్పకుండా అన్నిటినీ తాకి, జంట సున్నా గుర్తు దగ్గరికి తక్కువ టైములో వచ్చినవాడు గెలుస్తాడు. ఏ దారిన వెళ్ళాలో ఎవరూ చెప్పరు. ఒకరి తర్వాత ఒకరిని రెండేసి నిమిషాల తేడాతో వదులుతాం కాబట్టి ముందువాడి వీపు పట్టుకుని పరిగెత్తడం కుదరదు. జెండా మీద నంబర్లు 31 నుంచి మొదలవుతాయి, వరస నంబరుతో కలిసిపోకుండా. మా జెండాలు మా వీధి టైలరు కుట్టినవి, ఒక్కో ముఖం 30 సెంటీమీటర్లు, మూడు ముఖాలు. జెండా తాకినట్టు కార్డు మీద గుర్తు కొట్టే పంచ్ మిషన్లు కొనే స్తోమత లేదు, ఒక్కో జెండాకి ఒక్కో రంగు క్రేయాన్ దారంతో కడతాం. దాంతో కార్డు మీద గీత గీసుకుని పోవడమే.

మా గుంపులో సగం మంది పొద్దున్నే ఆర్ట్స్ కాలేజీ గ్రౌండులో పరుగు తీసే కుర్రాళ్ళు. అగ్నివీర్ ర్యాలీకో, కానిస్టేబుల్ సెలక్షన్‌కో తయారవుతున్నవాళ్ళు. ర్యాలీలో 1.6 కిలోమీటర్లు 5 నిమిషాల 30 సెకన్లలోపు కొడితే పూర్తి మార్కులు. అందులో ఒక పొడుగాటి కుర్రాడున్నాడు, వాడికి ఐదు నిమిషాలు చాలు. వచ్చిన కొత్తలో వాడు నన్నడిగిన మొదటి ప్రశ్న, "సార్, ఇది సెలక్షన్‌లో పనికొస్తాదా?" రాదన్నాను. ఉద్యోగంలో చేరాక వస్తుందన్నాను. ఉస్తాద్ మాత్రం ఊరుకోలేదు. "ఒరే, ఇది పుట్టడమే సిపాయిల ఆటగా పుట్టింది" అని మొదలెట్టి, నార్వే, స్వీడన్ సైన్యాల దగ్గర్నుంచి, 1897 అక్టోబరు 31న ఓస్లో దగ్గర జరిగిన మొదటి బహిరంగ పోటీ మీదుగా, 1919లో స్టాక్‌హోం దగ్గర కిలాండర్ అనే మేజరు ఊళ్ళో కుర్రాళ్ళని అడవిలోకి తోలిన సంగతి దాకా చెప్పాడు. కుర్రాళ్ళు విన్నారో లేదో తెలీదు. ఎవడో టీ ఎప్పుడన్నాడు.

మొదటి ఆదివారం కోర్సు, అంటే జెండాల వరస, నేను వేశాను, శాలిహుండం కొండ దిగువన. పైన స్తూపాలూ చైత్యాలూ ఉన్న చోటు పురావస్తు శాఖ రక్షణలో ఉంది, దాన్నంతా మ్యాపులో ఊదా అడ్డగీతలు కొట్టి నిషిద్ధం చేసేశాను. మిగిలింది కొండ వాలు, జీడితోటలు, వంశధార వైపు దిగే పొలాలు. అసలు తమాషా ఆ పొలాలది.

జనవరిలో మన పొలాలు ఖాళీగా ఉంటాయని పట్నంలో వాళ్ళు అనుకుంటారు. ఉండవు. వరి కోతకి ముందే చల్లిన మినుమూ పెసరా అప్పటికి మడమల పైకి వచ్చి ఉంటాయి. వాటిని తొక్కడానికి వీల్లేదు, తొక్కితే ఆట అక్కడితో సరి. అంటే మడి మొత్తం నిషిద్ధం, గట్టు ఒక్కటే దారి. ఆ గట్టు చూద్దామా అంటే అడుగున్నర వెడల్పు, మంచుకి తడిసి జారుతుంటుంది, పీత బొక్కల్లో బొటనవేలు దూరుతుంది, కోతప్పుడు మడి వైపు అంచులు కూలిపోయి ఉంటాయి. పైగా సగం గట్ల మీద కంది. భుజాల ఎత్తు పెరిగి, పసుప్పచ్చ పూతా కాయా కలిసి అటూ ఇటూ వాలిపోయి ఉంటుంది. కంది ఉన్న గట్టు మీద పరిగెత్తడం మాట అటుంచి, నడవాలన్నా చేతులతో పాయలు తీసుకుంటూ పోవాలి. కాబట్టి నా మ్యాపులో కంది లేని గట్టుకి నల్ల చుక్కల గీత, అంటే కాలిబాట గుర్తు. కంది ఉన్నదానికి ఆకుపచ్చ గీత, దాటగలవు గానీ దాని వెంట పోలేవని. ఫిన్లాండులోనో స్వీడన్‌లోనో మ్యాపు గీసేవాడికి ఈ తలనొప్పి ఉండదు. వాళ్ళకి తెల్లరంగు అంటే బాగా పరిగెత్తగలిగే అడవి, ఆకుపచ్చ ముదిరేకొద్దీ చిక్కటి పొద, ఏడాదంతా దాదాపు అదే. ఇక్కడ పంట మారితే మ్యాపు రంగులు మారాలి.

మ్యాపు గీయడం అన్నాను కదా. మాకు మిలట్రీలో చేతికిచ్చేది సర్వే ఆఫ్ ఇండియా షీటు, 1:50,000. శ్రీకాకుళం 65 ఎన్/15 నంబరు షీటులో ఉంటుంది, విజయనగరం 65 ఎన్/8లో. సెంటీమీటరు అంటే అరకిలోమీటరు, ఎత్తు చూపే కాంటూరు గీత 20 మీటర్లకొకటి. కొండ ఎక్కడుందో, ఏరు ఎటు పారుతుందో దాంట్లో బ్రహ్మాండంగా తెలుస్తుంది. జెండా కట్టిన తూము తెలీదు. మా ఆటకి 1:10,000 కావాలి, కాంటూరు 5 మీటర్లకి. ఫిన్లాండులో ప్రభుత్వమే లేజరుతో నేల ఎత్తులు కొలిచి ఉచితంగా ఇచ్చేస్తుంది. మనకి ఇస్రో వాళ్ళ మ్యాపుల సైటు భువన్‌లో దొరికేది 30 మీటర్లకొక ఎత్తు. దాంతో కొండ ఆకారం వస్తుంది గాని, కొండ వాలులో మనిషి దాక్కోగలిగేంత చిన్న లోవ రాదు. అది కాళ్ళతోనే కొలవాలి. ఫోనులో ఓపెన్ ఓరియంటీరింగ్ మ్యాపర్ అనే యాప్ పెట్టుకుని, శాటిలైటు ఫోటో కింద పరుచుకుని, సాయంత్రాలు బ్యాంకు నుంచి అటునుంచటే పోయి గీసుకొచ్చాను.

గీస్తుంటే ఎదురయ్యే మొదటి ప్రశ్న, ఏ గట్టు గీయాలి? అన్నీ గీస్తే కాగితం నల్లబడిపోతుంది. పరిగెత్తేవాడికి ఏదీ కనపడదు. అందుకని ఒక లెక్క పెట్టుకున్నాను: మోకాలి ఎత్తు మించినదో, సరిహద్దు రాయి ఉన్నదో, నీళ్ళ బోదె పక్కదో అయితేనే గీత. మిగతావి వదిలేయడమే. ఆ మాట మ్యాపు మూల రాశాను కూడా.

ఇలా గీసుకుంటున్న రోజుల్లోనే ఒక ముసలాయన పట్టుకున్నాడు నన్ను. ఫోను ఎత్తి పట్టుకుని గట్ల మీద తిరిగేవాడు ఎవడైనా ఈ రోజుల్లో సర్వేవాడే మనవాళ్ళకి. రీసర్వే జరిగిన దగ్గర్నుంచీ మరీను.

"ఏటి బాబూ, మళ్ళీ సర్వేకొచ్చినారేటి?"

కాదు తాతా, ఆట కోసం అన్నాను. నమ్మలేదు. "ఏదీ, ఇలా సూపించు" అని ఫోను లాక్కున్నంత పని చేశాడు. కళ్ళు చికిలించుకుని తన పొలం వెతుక్కున్నాడు. కాలవా, తూమూ, మర్రిచెట్టూ ఠక్కున గుర్తుపట్టేశాడు. మా కుర్రాళ్ళకి ఆ మాత్రం చూపు రావడానికి నెల పట్టింది. తర్వాత ఆయన ముఖం మారిపోయింది.

"మా గట్టేదీ?"

ఆయన మడికీ తమ్ముడి మడికీ మధ్య గట్టు. మోకాలి ఎత్తు లేదు, రాయి లేదు, కాబట్టి నేను వదిలేశాను. ఆ సంగతి చెప్తే ఆయన నన్ను పై నుంచి కింది దాకా చూసి, "నిన్ను మా తమ్ముడు పంపినాడా?" అన్నాడు.

ఓ అరగంట పట్టింది ఆయన్ని సముదాయించడానికి. ఇది కోర్టులో చెల్లే కాగితం కాదు తాతా అని ఎంత చెప్పినా, "అలాగైతే గీసీడానికేటి నొప్పి?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. గీశాను. గీశాక ఆయనే దగ్గరుండి చుట్టుపక్కల ఏ గట్టు మీద కంది ఉంది, దేని మీద లేదు, ఏ బోదె ఈ ఏడు పూడ్చేశారు, అన్నీ చెప్పుకొచ్చాడు. పోటీ రోజు జెండా ఒకటి మాయమైతే వెతికి పెట్టింది కూడా ఆయనే. మిరపమడిలో దిష్టిబొమ్మకి పంచెలా కట్టి ఉంది. బొమ్మకి బాగా అమిరింది, నిజం చెప్పాలంటే.

ఇక పోటీ. ఐదో కంట్రోలు నుంచి ఆరో కంట్రోలుకి గీత గీస్తే 600 మీటర్లు, మొత్తం మినుము మళ్ళ మీదుగా. రెండు దారులు. గట్లంట మలుపులు తిరుగుతూ దాదాపు తిన్నగా పోవడం ఒకటి. ఎడమకి తప్పుకుని కాలవగట్టు ఎక్కి, తాటిచెట్ల వరస వచ్చేదాకా పోయి, అక్కణ్ణుంచి తూము దగ్గర దిగడం రెండోది. రెండోదానికి 250 మీటర్లు ఎక్కువ.

పొడుగోడు తిన్నగా పోయాడు. వాడి ఊపిరికి అది సహజం. తర్వాత ఏం జరిగిందో వాడే చెప్పాడు: "ఏడో గట్టు కాడ కుడికి తిరగాలనుకున్నాను సార్. ఏడోది దాటినానో ఎనిమిదోది దాటినానో!" వాడు లెక్కపెట్టినవి నేల మీద గట్లు, మ్యాపులో ఉన్నవి అందులో మూడోవంతు. ప్రతి గట్టు దగ్గరా ఆగి కాగితం చూడటం, మళ్ళీ పరుగు, మళ్ళీ ఆగడం. ఒక జెండా నుంచి తర్వాతి జెండా దాకా ఉన్న ముక్కని లెగ్గంటాం. ఆ ఒక్క లెగ్గులో వాడికి పదకొండు నిమిషాలు. ఉస్తాద్ మోకాలికి క్యాప్ వేసుకుని, కాలవగట్టు మీద గునగునా పోయి, తాళ్ళు చూసి, తూము దగ్గర దిగి, ఆరు నిమిషాల్లో ముగించాడు. మొత్తం మీద కూడా ఉస్తాదే నాలుగు నిమిషాలు ముందు. ఆ మధ్యాహ్నం అంతా ఆయన నవ్వు చూడలేక చచ్చాం.

సోమవారం పరుగు లేదు. ఎవరు ఎటు పోయారో మ్యాపుల మీద ఎర్ర పెన్నుతో గీయించాను. పొడుగోడి గీత చూసి అందరూ నవ్వారు, వాడు కూడా.

మంగళవారం పొద్దున్న ఉస్తాద్ పాత విద్య బయటికి తీశాం. మ్యాపు మీద ట్రేసింగు కాగితం వేసి, ఒక్కో లెగ్గుకి మూడే మూడు వస్తువులు గీయాలి. నాలుగోది గీస్తే డిప్పలు. ఆ కాగితం ఒక్కటే పట్టుకుని పరుగు, మ్యాపు నా దగ్గరే. మొదట్లో అందరూ దగ్గరవి గీశారు: ఈ గట్టు, ఆ పొద, పక్కన రాయి. అవి పది అడుగుల్లో అయిపోతాయి, తర్వాత చేతిలో ఏమీ ఉండదు. గీయాల్సినవి పెద్దవి, కళ్ళు మూసుకుపోయినా తగలకుండా పోనివి. గార వైపు నుంచి వచ్చే ఇంటర్ పిల్ల ఒకతి దీన్ని పట్టేసింది. పరిగెడుతూ పైకే చదువుకుంటుంది, "కాలవ, తాళ్ళు, తూము... కాలవ, తాళ్ళు, తూము." పొలంలో వాళ్ళు ఈ పిల్లకేటైందని చూస్తున్నారు. ఆ పిల్ల పొడుగోడిలో సగం వేగం కూడా పోదు. ఆగదు, అంతే.

బుధవారం రాత్రి కళింగపట్నం వైపు సరుగుడు తోటల్లోకి పోయాం, తలకి లైట్లు కట్టుకుని. సరుగుడు చూడ్డానికి సుఖం: కింద పొద ఉండదు, రాలిన ఆకు పరుపులా ఉంటుంది, నేల చదును. కానీ చెట్లు వరసల్లో ఉంటాయి, ఆ వరసలు మన కాళ్ళని లాక్కుపోతాయి. బేరింగ్‌కీ, అంటే కంపాస్‌లో పెట్టుకున్న దిక్కుకీ, చెట్ల వరసకీ 15 డిగ్రీల తేడా ఉందనుకోండి, 400 మీటర్లు వరస వెంట పోతే వంద మీటర్ల పైచిలుకు పక్కకి తేలతాం. రాత్రి ఆ దూరానికి జెండా కనపడదు. పగలు ఏ గట్టు వదలాలా అని చూశాం, ఇక్కడ వదలాల్సింది చెట్ల వరసనే. బేరింగ్ మీద ఎదురుగా ఒక మాను ఎంచుకోవడం, దాని దాకా పోవడం, అక్కణ్ణుంచి ఇంకో మాను. దూరానికి అడుగుల లెక్క. నాకు గట్టి నేల మీద నడకలో వంద మీటర్లకి 63 జంట అడుగులు, ఆ ఇసకలో 70 దాటింది. ఎవరి లెక్క వాళ్ళు ముందే కొలుచుకోవాలి, ఇంకొకడిది అరువు తెచ్చుకుంటే లాభం లేదు. సముద్రం హోరు ఒక పక్కనుంచి వినిపిస్తుంది కదా, దాన్ని బట్టి దిక్కు చెప్పేయొచ్చనుకున్నారు కుర్రాళ్ళు. తోట లోపలికి పోయాక హోరు అన్ని వైపుల నుంచీ వస్తుంది.

ఉద్దానం వైపు పోదాం, అక్కడ జీడితోటలు ఇంకా బాగుంటాయి అని అడిగేవాళ్ళు అడుగుతూనే ఉన్నారు. ఎలుగుబంట్లు ఒప్పుకుంటే పోదాం.

గురు, శుక్రవారాలు బ్యాంకు తినేసింది. శనివారం సాయంత్రం ఆమదాలవలసలో రైలెక్కి విజయనగరం. ఉస్తాద్ ఇంట్లో చోడి అంబలి, ఎండుచేపల కూర. రేపటి కోర్సు గురించి ఒక్క మాట కూడా జార్చలేదు ఆ పెద్దమనిషి.

రెండో ఆదివారం కోర్సు ఆయనది, రామతీర్థం చుట్టుపక్కల. గుడీ, కోనేరూ, మెట్ల దారీ, గురుభక్తుల కొండ మీద శిథిలాలూ అన్నీ నిషిద్ధం. మిగిలిన నేలే చాలు. అక్కడ గొడవ గట్లతో కాదు, బండలతో. కొండ వాలంతా ఇల్లంతేసి బండలు, మ్యాపులో నల్ల చుక్కలు చీమల్లా. ఏ చుక్క ఏ బండో తేల్చుకోవాలని కూర్చుంటే సాయంత్రమవుతుంది.

పొడవైన లెగ్గు ఒకటి పెట్టాడు, కొండకి ఇవతల నుంచి అవతలకి. పైన మెడ, అంటే రెండు శిఖరాల మధ్య పల్లం, మీదుగా దాటితే 60 మీటర్ల ఎక్కుడు. చుట్టూ తిరిగొస్తే 500 మీటర్లు ఎక్కువ. ఒక మీటరు ఎక్కుడు చదునులో ఎనిమిది మీటర్లకి సమానమని మా పాత లెక్క. అంటే 480. ఇటు 480, అటు 500, మొండోడి లెక్క! కావాలనే అలా కొలిచి పెట్టాడు. రెండూ సమానమైనప్పుడు చదవడానికి ఏది తేలికో అదే పోవాలి. చుట్టూ తిరిగే దారిలో జీడితోట కంచె చివరిదాకా తోడుంటుంది. దిగేటప్పుడు నీలగిరి తోట మూల కనపడుతుంది. మెడ మీద తోడుండేవి బండలే. నేను చుట్టూ పోయాను. కంచె ఎడంచేతి వైపు ఉన్నంతసేపు మ్యాపు చూడనేలేదు. నీలగిరి మూలకొచ్చాక మాత్రం నడకలోకి దిగి, అక్కణ్ణుంచి కంట్రోలు దాకా ప్రతి అడుగూ చూసుకున్నాను. జెండా ఉన్నది ఒక ఎత్తు బండకి పడమటి వైపు, అడుగున. తిన్నగా దాని మీదకే తేలాను.

అదే లెగ్గులో పొడుగోడు మెడ మీదుగా పోయాడు. పోయినవారం వాడైతే ప్రతి బండనీ లెక్కపెట్టేవాడు. ఈసారి మెడ, లోవ, నీలగిరి అని మూడే పెట్టుకుని, మిగతా చుక్కల్ని చూడలేదట. ఎక్కుడు వాడికి ఎక్కుడు కాదు, నా మీద ఒకటిన్నర నిమిషం అక్కడే సంపాదించాడు. మొత్తం మీద నా కన్నా నిమిషం ముందు. ఆడపిల్లల్లో ఇంటర్ పిల్లే, ఎవరికీ అందకుండా. మగవాళ్ళలో కలిపి చూసినా నాలుగోది.

ఇక నాకూ ఉస్తాద్‌కీ ఉన్న పంచాయితీ. ఒకడు వేసిన కోర్సు వాడు పరిగెత్తకూడదు కాబట్టి మేమిద్దరం ఎదురెదురుగా పడనే లేదు. పొడుగోణ్ణి కొలమానంగా పెట్టుకుంటే ఉస్తాద్ వాడి మీద నాలుగు నిమిషాలు ముందు, నేను నిమిషం వెనక. "మధ్యలో వాడు వారం నేర్చుకున్నాడు, అది కూడా లెక్కేయాలి" అన్నాను. "నేర్పింది ఎవడు?" అన్నాడు. ఈ ఆటలో 35 దాటాక ఐదేళ్ళకొక వయసు తరగతి ఉంటుంది. ఆయన తరగతి వేరు, నా తరగతి వేరు, కాబట్టి ఇద్దరమూ గెలిచినట్టే అని కుర్రాళ్ళు తీర్పు చెప్పారు. ఉస్తాద్ ఒప్పుకోలేదు.

ఇంకో మాట. మొన్న ఆ ముసలాయన తమ్ముడు ఫోన్ చేశాడు. నంబరు ఎవరిచ్చారో తెలీదు. మ్యాపులో గట్టు రెండడుగులు అటేపు పడిందట. 1:10,000లో రెండడుగులంటే మిల్లీమీటరులో పదో వంతు కూడా కాదని చెప్పాను. అయినా వచ్చి చూడమన్నాడు. పోవాలి.

కనుమ వెళ్ళాక వచ్చే ఆదివారం మళ్ళీ శాలిహుండం పొలాల్లోనే. అప్పటికి కంది కోసేస్తారు, ఆకుపచ్చ గీతలన్నీ చెరిపి కొత్త మ్యాపు వేస్తున్నాను. మినుము ఇంకా చేలోనే ఉంటుంది కాబట్టి మడిలో కాలు పెట్టినవాడు ఇంటికి. కంది కోసిన గట్ల మీద మోళ్ళు పొడుచుకుని ఉంటాయి. నిక్కర్లతో రావద్దు.